లాకు లోపలికి దిగిన పొద్దు

మా వియ్యపురాలు తన తండ్రి ముచ్చట మొదటిసారి చెప్పినప్పుడు, ఆయన తాళాలు బాగుచేసెటాయన అనుకున్న నేను. మా కొడుక్కు వాళ్ళ బిడ్డను అడగనీకి దిల్‌సుఖ్‌నగర్‌ల వాళ్ళింటికి పోయిన రోజది. రెండో అంతస్తుల చిన్న ఫ్లాటు. కిటికీ తీస్తే మెట్రో పోతున్న చప్పుడు ఇంట్లకొస్తది. చాయ తాగుకుంట పెద్దోళ్ళ గురించి అడుగుతుంటే ఆమె, "మా నాన్నగారు లాకుల దగ్గర పనిచేసేవారండీ" అన్నది. నాకు బస్టాండు పక్కన గొడుగు కింద కూసొని తాళంచెవులు చేసిచ్చే ముసలాయన యాదికొచ్చిండు.

"మంచిది వదినె. మా నాయిన గూడ చేతిపనోడే, రాళ్ళు కొట్టెటోడు" అన్న.

ఆమె జరసేపు నా మొఖం దిక్కు చూసింది. మల్ల పకోడీల పళ్ళెం నా దిక్కు జరిపింది.

పెండ్లైనంక కోడలు చెప్పింది అసలు సంగతి. కాలువ ఒక్కసారిగ పల్లానికి దిగే చోట పడవలు ఎక్కలేవు, దిగలేవు. అందుకని అక్కడ రాళ్ళతోని పెద్ద గది లెక్క కట్టి, ఎగువ దిక్కు ఒక జత తలుపులు, దిగువ దిక్కు ఒక జత తలుపులు పెడ్తరు. పడవ కిందినుంచి లోపటికొచ్చినంక ఎనక తలుపులు మూసి నీళ్ళు నింపితే, నీళ్ళతోపాటు పడవ మెల్లగ పైకి లేస్తది. అప్పుడు ముందటి తలుపులు తీస్తే ఎగువ కాలువల పడ్తది. అదే లాకు. కృష్ణ కాలువల మీద పడవలు తిరిగిన కాలంల కోడలి తాత అట్లాంటి లాకు కాడ ఉద్యోగం చేసిండు. ఇల్లు గూడ లాకు పక్కనే ఇచ్చిండ్రట. మా వియ్యపురాలు అక్కడ్నే పుట్టి పెరిగింది.

"మరి ఆ రోజే చెప్పచ్చు గద మీ అమ్మ?" అన్న.

"మీరు మెచ్చుకున్నారంట కదా అత్తమ్మా. కాదంటే బాగోదని ఊరుకుందంట."

ఆమె మర్యాద అట్లుంటది. ఆ మర్యాదతోనే మేము చాన దినాలు దూరం దూరం ఉన్నం. మా ఇల్లు ఎల్బీ నగర్ అవుతల, కర్మన్‌ఘాట్ పోయే తొవ్వల. వాళ్ళిల్లు దిల్‌సుఖ్‌నగర్. ఆటోల కూసుంటే ఎంతసేపు కాదు. అయినా పండుగకో పబ్బానికో తప్ప ఒకరింటికొకరం పోయింది లేదు. నేను ఫోన్ చేసి, "ఏంది వదినె, ఏం జేస్తున్నరు?" అంటే ఆమె గాబరపడేది. నేను కొట్లాటకు ఫోన్ చేసిన్నని మొదట్ల అనుకున్నదట. ఆమె "అలాగేనండీ వదినగారూ, తప్పకుండానండీ" అంటుంటే నాకేమో బడిల పెద్దసారు ముందట నిలబడ్డట్టుండేది. నేను ముప్పై ఏండ్లు సర్కారు బడిల తెలుగు చెప్పినదాన్ని. అయినా గామె ముందట నా తెలుగు నాకే సందేహంగ అనిపించేది.

పోయిన ఎండకాలం ఆమె తమ్ముడి కొడుకు ఊర్ల ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి పిలిచిండు. పిల్లలిద్దరు మమ్ములను కారుల తీసుకపోతమన్నరు. రేపు బయలెల్లుడు అనంగ మా కొడుక్కు ఆఫీసు పని తగిలింది. కోడలికి సెలవు దొరకలే. మా ఆయన బస్సు డ్రైవర్‌గ చేసి రిటైరైండు. ఆయన్ను అడిగితే, "నేను జన్మంత బస్సులనే ఉన్న, ఇంక నన్ను ఇంట్ల ఉండనియ్యి" అన్నడు. మగపిల్లగాని తరఫున ఒక్కరన్న పోకుంటే బాగుండదు. ఆమెను ఒక్కతె పంపుడు గూడ బాగుండదు. పొద్దుగాలనే ఎల్బీ నగర్ చౌరస్తల విజయవాడ బస్సు పట్టుకున్నం, ఇద్దరమే.

హయత్‌నగర్ దాటేదాక ఏం మాట్లాడాల్నో ఇద్దరికీ తెల్వలే. ఆమె సంచిల నుంచి బత్తాయి తీసి ఒలిచి ఇచ్చింది. నేను తిన్న. చౌటుప్పల్ దాటినంక రోడ్డుకు దూరంగ మా ఊరి గుట్ట కనవడ్డది. సగం కొట్టేసిన గుట్ట. ఎర్రటి మట్టి నడుమ తెల్లగ రాయి తేలి ఉంటది.

"అగో, గా గుట్ట మీదనే మా నాయిన రాళ్ళు కొట్టిండు" అన్న.

ఆమె కిటికీ దిక్కు వంగి, గుట్ట ఎనకకు పోయేదాక చూసింది. "ఎండలో చేసేవారా? పైన నీడ ఏమైనా ఉండేదా?" అని అడిగింది. గంత సూటిగ ఆమె నన్నేదన్న అడుగుడు అదే మొదలు. తాటాకులతోని చిన్న పందిరి వేసుకునేటోళ్ళని, నేను బడికెళ్ళి వచ్చి సద్ది తీసుకపోయేదాన్నని చెప్పిన. సూర్యాపేటల చాయకు దిగేదాక చెప్పుకుంటనే ఉన్న.

గృహప్రవేశం బాగానే అయ్యింది. తెల్లారి ఇడ్లీలు తిన్నంక ఆమె నా పక్కకొచ్చి మెల్లగ, "బస్సు సాయంత్రం కదండీ. లాకుల దాకా వెళ్ళొద్దామా? ఎండ ముదరకముందే వచ్చేద్దాం. మా వాళ్ళనడిగితే ఇప్పుడు అక్కడేముందీ అంటారు" అన్నది. తండ్రి రిటైరై అక్కడి ఇల్లు ఖాళీ చేసినంక ఆమె మల్ల పోలేదట. దారి పక్కనే అయినా ఎవరికీ ఆగే పని పడలే.

ఆటో పిల్లగాడు వంతెన కాడ దించి, లోపలికి బండి పోదన్నడు. కాలువ గట్టు మీద నడిచినం. ఎండకాలం గాబట్టి పైనుంచి నీళ్ళు బందుపెట్టిండ్రు. కాలువ అడుగున బురద పలుకలు పలుకలుగ పగిలి ఉన్నది. అక్కడక్కడ గుంటలల్ల ఇంత నీళ్ళు. కొంగలు ఆ గుంటల చుట్టే తిరుగుతున్నయి. గట్టు మీద మటుకు పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు, నీడ చల్లగుండె.

"ఈ దారి మనుషులు నడవడానికి వేసింది కాదు వదినగారూ" అన్నది ఆమె. "పడవని లాగడానికి. గాలి లేనప్పుడు తెరచాప పనిచేయదు కదా. ఇద్దరు ముగ్గురు గట్టు మీదకి దిగి, తాడు భుజానికి అడ్డంగా వేసుకుని ఇలా ముందుకు వంగి లాక్కెళ్ళేవాళ్ళు. ధాన్యం, ఉప్పు, సరుగుడు కర్రలు, ఏదైనా అలాగే వచ్చేది. పడవలో వాళ్ళ ఆడవాళ్ళు వంట చేసుకుంటూ వెళ్ళేవారు. చేపల పులుసు వాసన మాకు ముందే వచ్చేసేది, ఆ తర్వాత పడవ కనపడేది."

కాలువ మలుపు తిరిగే కాడ గట్టు అంచుల ఒక రాతి స్తంభం పాతి ఉన్నది, నా నడుము ఎత్తు. దాని మెడ చుట్టు ఏలు పట్టేంత లోతు గాట్లు. నేను కూసొని చేతితోని తడిమిన. ఉలితోని చెక్కినవి కావు. నున్నగ ఉన్నయి. తాడు ఒరుసుకొని ఒరుసుకొని పడ్డయి. గట్టి నల్లరాయి అది. మా నాయిన అయితే దీన్ని కొట్టనీకి ఉలికి మూడుసార్లు సాన పెట్టెటోడు. గట్లాంటి రాయిని జనుప తాడు కోసింది.

"ఎంత మంది లాగితే గిట్లైతది వదినె" అన్న. ఆమె గూడ వంగి చూసింది. "చిన్నప్పుడు దీని మీదెక్కి కూర్చునేవాళ్ళం. ఈ గాట్లు ఎప్పుడూ చూసుకోలేదు" అన్నది.

ఇంక కొంత దూరం పోయినంక లాకు వచ్చింది. నేను మనసుల ఊహించుకున్నదానికన్న పెద్దగున్నది. రెండు దిక్కుల నిలువుగ రాతిగోడలు, నడుమ లోతైన గది. ఎగువ తలుపులు లేవు. దిగువ తలుపులల్ల ఒకటి తుప్పు పట్టిన ఇనుప పట్టీలతోని సగం తెరుచుకొని అట్లనే నిలబడ్డది. పక్కన వాళ్ళున్న ఇల్లు పైకప్పు లేక గోడలే మిగిలినయి. ఆమె ఆ ఇంటి గడప కాడ నిలబడ్డది, లోపటికి పోలే. "ఇక్కడ వంటిల్లు. అదిగో, అక్కడ మా అమ్మ బియ్యం డబ్బా" అని చేతితోని చూపెట్టింది. ఏడుస్తదేమో అనుకున్న. ఏడవలే. పెంకులు ఏడవోయినయో అన్నట్టు పైకి చూసి, "పెంకులు లాగే కోతులు కూడా లేవు ఇప్పుడు" అన్నది.

అప్పుడే లాకు గదిలకెళ్ళి సుత్తి చప్పుడు, దాంతోని ఒక మాట వినవడ్డది.

"ఓ పిల్లా, గా గడ్డపార జర ఇటియ్యి."

నేను నిలబడిపోయిన. గది అంచుకు పోయి చూస్తే కింద ఆరేడుగురు పనిచేస్తున్నరు. గోడల నుంచి ఊడిపడ్డ రాళ్ళను బురదల నుంచి తీసి, కడిగి, మల్ల వాటి జాగలనే కూసోబెడ్తున్నరు. "ఏ ఊరు మీది?" అని పైనుంచి అడిగిన. తలకు తువ్వాల చుట్టుకున్న మేస్త్రి తలెత్తి, "పాలమూరు దిక్కు అమ్మా. మీరు యాడికెళ్ళి ఒచ్చిండ్రు?" అన్నడు.

"ఎల్బీ నగర్ నుంచి. అసలు ఊరు నల్లగొండ దిక్కు."

"గట్లనా. మన దిక్కే" అని నవ్విండు.

వియ్యపురాలి ఊర్ల దిగినప్పటి నుంచి నేను మాట మాటకు ఆగి ఆగి మాట్లాడుతున్న. గా ఒక్క మాటతోని నా నాలుక తేలికైంది. మేస్త్రి పైకొచ్చి చెప్పిండు. పడవలు నడిపేది లేదు గని, గోడలు కూలితే గట్టు తెగుతదని మరమ్మతు పెట్టిచ్చిండ్రట. సిమెంటు పోస్తే అయిపోయేది గని, పాత కట్టడం పాతతీరుగనే ఉండాల్నని సున్నంతోనే కట్టమన్నరట. నేను మా వియ్యపురాలిని చూపెట్టి, "ఈమె తండ్రి గీ లాకు కాడనే పనిచేసిండు. ఈమె గా ఇంట్లనే పుట్టింది" అన్న.

మేస్త్రి ఆమెకు దండం పెట్టిండు. "మరి కిందికి దిగి చూస్తరా అమ్మా? నీళ్ళు ఇడిస్తే మల్ల దొరకదు."

వద్దంటదనుకున్న. ఆమె మోకాళ్ళు మంచిగలేవు. మెట్రో స్టేషన్‌ల గూడ లిఫ్టు కోసం నిలబడ్తది. ఆమె మటుకు గదిలకే చూసుకుంట, "నన్నెప్పుడూ దిగనివ్వలేదండీ" అన్నది.

నాకు సమజ్ గాలే. అప్పుడు చెప్పింది. ప్రతి ఎండకాలం కాలువ కట్టేసినప్పుడు లాకు గదిల నీళ్ళు తీసేసెటోళ్ళు. ఆమె అన్న, తమ్ముడు, చుట్టుపక్కల పిల్లలు అంత దిగి గుంటలల్ల చేపలు పట్టెటోళ్ళు. ఆడపిల్లలు దిగొద్దని తండ్రి మాట. "నేను పైన నిలబడి వాళ్ళ చొక్కాలు పట్టుకునేదాన్ని. చేపలు పైకి విసిరితే ఏరేదాన్ని. కింద నుంచి అరుస్తుంటే ఎంత బాగా మోగేదో వాళ్ళ గొంతు."

గోడల్నే రాతిమెట్లున్నయి. కింది మెట్లు ఊడిపోతే పనోళ్ళు అక్కడ కట్టె నిచ్చెన ఆనించుకున్నరు. అది చూసి నాకు భయమైంది.

"వదినె, మీకేమన్నైతే మీ బిడ్డ నన్ను ఇంట్లకు రానిస్తదా? పైనుంచే చూద్దాం."

"మీరు ముందు దిగండి. నేను మీ వెనకాలే వస్తాను" అన్నది ఆమె, అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముల దోపుకుంట.

ఇంక చేసేదేమున్నది. నేను ముందుగల దిగిన. ఆమె ఒక్కో మెట్టు మీద రెండు పాదాలు పెట్టి, గోడ పట్టుకొని దిగింది. నిచ్చెన కాడికొచ్చేసరికి ఆగిపోయింది. అక్కడ్నే పనిచేస్తున్న మేస్త్రి భార్య కింద నిలబడి, "నా భుజం మీద చెయ్యి పెట్టు అమ్మా, కిందికి చూడకు" అన్నది. మేస్త్రి నిచ్చెన పట్టిండు, నేను ఆమె పాదాలు పట్టి మెట్టు మీద పెట్టిన. కొద్దిసేపటికి ముగ్గురి చేతుల మీదికెళ్ళి ఆమె బురదల దిగింది.

లోపట చల్లగున్నది. పైన ఎండ మండుతుంటే కింద బాయిల ఉన్నట్టే. గోడల మీద ఒక ఎత్తు దాక పచ్చటి పాకుడు గీత, దాని పైన తెల్లటి రాయి. నీళ్ళు ఎందాక నిండేవో ఆ గీతే చెప్తున్నది. ఆమె గది నడుమకు నడిచి, నాలుగు దిక్కులు చూసింది. పైన ఆకాశం పొడుగ్గ, పీట లెక్క కనవడుతున్నది.

తర్వాత ఆమె గొంతెత్తి, "అన్నయ్యా" అని పిలిచింది.

గోడలు ఆ మాటను తీసుకొని తిప్పి తిప్పి పైకి పంపినయి. పనోళ్ళు సుత్తులు ఆపి చూసిండ్రు. ఆమె సిగ్గుపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, కని కండ్లు నవ్వుతున్నయి. "మీరు కూడా పిలవండి వదినా" అన్నది. నేను మా ఆయనను పిలిచిన. ఆయన ఇంట్ల హాయిగ పండుకొని ఉంటడని తెలిసే పిలిచిన. మేస్త్రి భార్య ఇరగబడి నవ్వింది.

గోడ పొంటి నడుస్తుంటే నాకు ఒక రాయి మీద చిన్న గుర్తు కనవడ్డది, బాణం లెక్క. పక్క రాయి మీద చేప. ఇంకో దాని మీద రెండు గీతలు.

"ఇవేంటి?" అని ఆమె అడిగింది.

"రాయి చెక్కినోళ్ళ గుర్తులు వదినె. ఎవరు చెక్కిన రాయికి వాళ్ళ గుర్తు పెడ్తరు. ఎవరి పని ఎవరిదో తెల్వాలె గద. మా నాయినది కోడికాలు." బురదల కట్టెపుల్లతోని గీసి చూపెట్టిన, ఒక నిలువు గీత, దానికి మూడు వేళ్ళు.

ఆమె గోడ దిక్కు తిరిగి దేవులాడుడు మొదలువెట్టింది. మా నాయిన తాత పుట్టకముందు కట్టిన గోడ అది, గుర్తు ఏడికెళ్ళి ఉంటది అన్న. ఆమె ఇనలే. అద్దాలు మొఖానికి దగ్గరకు జరుపుకొని ఒక్కొక్క రాయి చూసుకుంట పోయింది. అవుతలి గోడ మూలకు పోయి నన్ను పిలిచింది. నిజంగనే ఉన్నది కోడికాలు. మా నాయినది కాదు, కాదని నాకు తెలుసు. ఎవరో, ఏ ఊరోడో. ఆ గీతలల్ల నా ఏలు పెట్టిన. ఉలి దెబ్బ ఇంక పదునుగనే ఉన్నది. మా నాయిన చేతులు యాదికొచ్చినయి. రాతిదుమ్ముతోని ఎప్పుడు తెల్లగనే ఉండేటివి, అన్నం కలిపేటప్పుడు తప్ప. నేను చాన సేపు నిలబడ్డ. ఆమె నా పక్కన నిలబడ్డది.

పైకెక్కుడు దిగినంత సులువు గాలే. నిచ్చెన సగంల ఆమె మోకాలు మొరాయించింది. కిందికి రాదు, పైకి పోదు. నేను పరేషాన్ అయిన. ఆమె మటుకు నిచ్చెన పట్టుకొని, "ఒక్క నిమిషం ఆగండి, నీళ్ళు నింపితే నేనే పైకొచ్చేస్తాను" అన్నది. పనోళ్ళంత నవ్విండ్రు. ఆ నవ్వుల మేస్త్రి భార్య కిందికెళ్ళి భుజం ఆనించి లేపింది, మేస్త్రి పైకెళ్ళి చెయ్యందిచ్చిండు, ఆమె మెట్టు మీదికెక్కింది.

వాళ్ళు బువ్వ తినే టైమైతే మమ్ములను గూడ కూసోమన్నరు. నిద్రగన్నేరు నీడల అన్నం, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. మా ఇంట్ల పెండ్లైనంక చేసిన భోజనంల మా వియ్యపురాలు పచ్చిపులుసు గిన్నెను మర్యాదగ పక్కకు జరిపింది, నాకు మంచిగ గుర్తున్నది. ఆ రోజు రెండుసార్లు పోసుకున్నది. "ఇందులో నువ్వులు వేస్తారా?" అని అడిగి, మేస్త్రి భార్య చెప్పింది శ్రద్ధగ ఇన్నది. వచ్చేటప్పుడు మేస్త్రి భార్య నా ఫోన్ నంబర్ తీసుకున్నది.

రాత్రి బస్సుల ఆమె తన అన్నకు ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకు గూడ వినవడుతున్నది. లాకు గదిల దిగిన్నంటే ఆయన, "ఏముందే అక్కడ, బురద తప్ప" అన్నడు.

"బురదే అన్నయ్యా. నేనూ దిగాను, అంతే" అన్నది. అని ఫోన్ పెట్టేసి, చీర అంచుకు అంటిన ఎండిన బురదను గోటితోని మెల్లగ గీకింది.

ఇంటికొచ్చినంక పిల్లలు ఇద్దరు మమ్ములను కోపం చేసిండ్రు. మోకాలు వాచింది, ఆమె ఆర్థోపెడిక్ డాక్టర్ కాడికి పోవాల్సొచ్చింది. నేనే తీసుకపోయిన. డాక్టర్ ఎట్లైందని అడిగితే ఆమె నిచ్చెన దిగానని చెప్పి, ఎందుకో ఎక్కడో చెప్పలే. నా దిక్కు చూసి నవ్వింది. వారం దినాలు కట్టు కట్టుకొని తగ్గించుకున్నది. అప్పటి నుంచి మా ఇంటికి ఫోన్ చేసి వచ్చుడు బందైంది, చెప్పక చెయ్యక ఆటో దిగుతది. నేను గూడ అంతే. ఆమె ఇంట్ల ఇప్పుడు పచ్చిపులుసు అయితున్నది, కొద్దిగ బెల్లం ఎక్కువ ఏస్తది. నేనేమనను.

వానలు మొదలైనంక ఒకరోజు కొత్తపేట రైతుబజార్ల ఇద్దరం కూరగాయలు కొంటుంటే నా ఫోన్‌కు వీడియో వచ్చింది, మేస్త్రి భార్య పంపింది. కాలువకు నీళ్ళు ఇడిచిండ్రు. ఎర్రటి నీళ్ళు లాకు గదిలకు దూకుతున్నయి. కట్టిన కొత్త రాళ్ళు, పాత రాళ్ళు ఒక్క తీరుగనే తడుస్తున్నయి. మేము నడిచిన బురద మీదికెళ్ళి నీళ్ళు పాకుడు గీత దాక ఎక్కుతున్నయి. వెనకనుంచి ఎవరో చిన్న పిల్ల కేక పెట్టింది.

ఆమె కాకరకాయల సంచి కింద పెట్టి, ఫోన్ రెండు చేతులతోని పట్టుకొని చూసింది. "మళ్ళీ పెట్టండి" అన్నది. నడుమల నిలబడ్డమని ఆకుకూరల ఆమె జరగమన్నది. పక్కకు జరిగి, మల్ల పెట్టుకొని చూసినం.